శాసనసభ్యుని సంపాదన

ప్రజలు తమకు మారుగా సభకు పంపే మనిషిని తెలుగులో ప్రతినిధి అంటాము. ఉర్దూలో నుమాయిందా అంటారు. రెండు మాటలూ ఒకే పనిని సూచిస్తున్నప్పటికీ వాటి పుట్టుకలో చక్కని భేదం కలదు. ప్రతినిధి అనగా ఒకరి స్థానంలో ఉంచబడినవాడు. ఆ సంస్కృత పదంలో ‘ఉంచుట’ అనే అర్థమే ప్రధానం. నుమాయిందా పారసీకం నుండి వచ్చిన పదం; చూపించువాడు అని దాని భావం. మన నాంపల్లిలో ఏటా జరిగే నుమాయిష్‌కూ ఈ నుమాయిందాకూ మూలం ఒక్కటే. ఒక భాష ఆయనను మన స్థానంలో కూర్చున్న మనిషిగా తలచింది. మరొక భాష మన స్థితిని సభకు చూపే మనిషిగా తలచింది. రెండు భాషలూ వినిపించే ఈ కళాశాలలో పాఠం చెప్పుతూ ఈ భేదాన్ని వివరించినప్పుడల్లా మాకు కొన్ని సందేహాలు కలుగుతూ ఉంటాయి. నేటి శాసనసభ్యులలో నిజంగా మన స్థానంలో ఉన్నవారెందరు? మన స్థితిని చూపేవారెందరు? తమను తామే చూపుకొనేవారెందరు? ప్రతినిధి అనే మాటలోని చివరి రెండక్షరాల మీదనే చూపు నిలిపినవారెందరు?

ఈ సందేహాలకు రాజనీతి గ్రంథాలలో సమాధానం దొరకక పోదు. కాని గ్రంథం కంటె ఒక మనిషి జీవితం తేటగా బోధిస్తుందని మా విశ్వాసం. అందుచేత ఇల్లందు నియోజకవర్గం నుండి ఐదు పర్యాయాలు శాసనసభకు ఎన్నికైన శ్రీ గుమ్మడి నర్సయ్యగారి రాజకీయ జీవితాన్ని ఈ వ్యాసానికి వస్తువుగా గ్రహించినాము. వారి పార్టీలో మేము సభ్యులము కాము. వారి సిద్ధాంతాన్ని ప్రచారం చేయవలెనన్న కోరిక మాకు లేదు. మేము ఆ నియోజకవర్గంలో పుట్టి పెరిగినవారము. వారి రాజకీయం మా ఇంటి గడప దాకా వచ్చి, మాకు కొంత నష్టాన్నీ కొంత వివేకాన్నీ కలిగించినది. ఆ రెండింటి లెక్క చెప్పుకొనుటయే ఇక్కడ మా ఉద్దేశ్యం.

ముందుగా ఆ నేలను గూర్చి నాలుగు మాటలు. తెలంగాణలో బొగ్గు కథ ఇల్లందు ప్రాంతంలోనే మొదలైనది. 1871లో డాక్టర్ కింగ్ అనే భూగర్భ శాస్త్రజ్ఞుడు అక్కడ బొగ్గు పొరను గుర్తించినాడు. 1886లో హైదరాబాద్ దక్కన్ కంపెనీ గనుల హక్కులు పొందినది. 1920లో సమీపంలోని సింగరేణి గ్రామం పేరిట నేటి సింగరేణి సంస్థ ఏర్పడినది. డోర్నకల్ నుండి కారేపల్లి మీదుగా రైలు మార్గం వచ్చినది. బొగ్గు ఉన్నచోటికి కూలీలు వచ్చినారు. కూలీలు ఉన్నచోటికి కిరాణా వర్తకులు, మంగలివారు, హోటళ్లవారు, దర్జీలు వచ్చినారు. కృష్ణా తీరం నుండి, వరంగల్ వైపు నుండి, హైదరాబాదు నుండి కుటుంబాలు కుటుంబాలుగా తరలివచ్చిన ఆ జనంలో ఒక కుట్టుమిషనుతో మా తాతగారు కూడా ఒకరు. పట్టణంలో పోటీ ఎక్కువైనందున వారు తాలూకాలోని ఒక ఏజెన్సీ గ్రామానికి చేరి అక్కడనే స్థిరపడినారు. ఊరికి ఒక వైపు చేలు, మూడు వైపుల అడవి. ఊరిలో ఎక్కువ మంది కోయవారు. వారి తరువాత లంబాడీలు. ఆ తరువాత మావంటి వలస కుటుంబాలు ఓ పాతిక.

ఇటువంటి నేలలో ఎవరు ఎన్నికైనా చివరకు తేల్చవలసిన ప్రశ్న ఒక్కటే: ఈ భూమి ఎవరిది? అడవిని నరికి తరతరాలుగా సాగుచేసుకొంటున్న ఆదివాసిదా? అప్పు పద్దు చూపి దానిని తన పేర వ్రాయించుకొన్న షావుకారుదా? రిజర్వు అడవి అని హద్దురాళ్లు పాతిన అటవీశాఖదా? అడుగున బొగ్గు ఉన్నదని తెలుసుకొన్న కంపెనీదా? నర్సయ్యగారి రాజకీయ జీవితమంతా ఈ ఒక్క ప్రశ్న చుట్టూ తిరిగినదని చెప్పినచో అతిశయోక్తి కాదు.

వారు కోయ ఆదివాసీ. చండ్ర పుల్లారెడ్డిగారి మార్క్సిస్టు లెనినిస్టు శ్రేణులలో పెరిగి, తరువాత న్యూడెమోక్రసీ పార్టీ నాయకులలో ఒకరైనారు. ఇల్లందు గిరిజనులకు ప్రత్యేకించిన స్థానం. 1983లో రాష్ట్రమంతటా తెలుగుదేశం ప్రభంజనం వీచినప్పుడు ఇల్లందు ప్రజలు వారిని గెలిపించినారు. 1985 మధ్యంతర ఎన్నికలలోనూ వారే గెలిచినారు. 1989లో గాలి మారి రాష్ట్రంలో కాంగ్రెసు తిరిగి అధికారానికి వచ్చినది. ఇల్లందు మాత్రం మారలేదు. 1994లో తెలుగుదేశంతో పొత్తుగల భారత కమ్యూనిస్టు పార్టీ అభ్యర్థి ఊకె అబ్బయ్యగారి చేతిలో వారు ఓడినారు. 1999లోను 2004లోను మరల నెగ్గినారు. 2009లో అదే అబ్బయ్యగారు ఈసారి తెలుగుదేశం అభ్యర్థిగా వచ్చి వారిని ఓడించినారు. అధికార పక్షంలో ఒక్కనాడు కూడా కూర్చొనని మనిషిని ఒక నియోజకవర్గం ఐదుమార్లు పంపుట మన శాసనసభ చరిత్రలో అరుదైన సంగతి.

అయితే లోకం వారిని ఈ కారణంగా జ్ఞాపకముంచుకొనలేదు. ఆర్టీసీ బస్సులో, రైలులో సామాన్యులతో కలిసి ప్రయాణించిన శాసనసభ్యుడు. సైకిలు తొక్కిన శాసనసభ్యుడు. జీతాన్ని పార్టీకి అప్పగించిన శాసనసభ్యుడు అని జ్ఞాపకముంచుకొన్నది. పత్రికలు వ్రాసినది ఇదే. 2025లో వారి జీవితంపై ఒక చలనచిత్రం ప్రకటించినప్పుడు ప్రముఖ కన్నడ నటుడు శివరాజ్‌కుమార్ వారి పాత్రలో సైకిలుతో నిలిచిన చిత్రమే ముందుగా జనంలోకి వచ్చినది. ఆ చిత్రం చేతిఫోనులలో తిరుగుతున్న రోజులలో మా తరగతిలో ఒక విద్యార్థి లేచి ఇట్లా అడిగినాడు: “సార్, ఐదుసార్లు ఎమ్మెల్యే అయి కూడా సైకిలే మిగిలిందంటే, ఆయన మంచివాడా, చేతకానివాడా?”

తరగతి నవ్వినది. మేము ఆ విద్యార్థిని మందలించలేదు. కారణం, ఆ ప్రశ్న అతనిది కాదు, ఈ కాలానిది. పదవి అనగా సంపాదన అని, సంపాదింపనివాడు పదవిని వాడుకొనుట తెలియనివాడని నేటి బాలుడు ఇంటిలోనే నేర్చుకొంటున్నాడు. అంతకంటె ముఖ్యమైన విషయం మరొకటి కలదు. వారిని మెచ్చుకొనేవారు కూడా ఆ విద్యార్థి వలెనే సైకిలునే చూస్తున్నారు. ఒకరు సైకిలును చూచి నవ్వినారు. వేరొకరు సైకిలును చూచి నమస్కరించినారు. ఆ సైకిలు ఎక్కడికి పోతున్నదని అడిగినవారు లేరు.

నిరాడంబరత గొప్ప గుణమే. కాని నర్సయ్యగారి విషయంలో దానిని కేవలం వ్యక్తిగత గుణంగా చెప్పుట సరికాదని మా అభిప్రాయం. అది ఒక కట్టుబాటు. ఎన్నికైన సభ్యుని జీతభత్యాలు పార్టీకి చేరవలెనన్నది వారి సంప్రదాయం. అట్టి సంప్రదాయం ఉన్నచోట సభ్యత్వం బ్రతుకుతెరువు కాదు, అప్పగింపబడిన పని మాత్రమే. బస్సులో పోయే సభ్యునికి మరొక ప్రయోజనం కూడా ఉన్నది. కారులో పోయేవాని వద్దకు విన్నపం రావలెనంటే దానికి ఒక మధ్యవర్తి కావలెను. బస్సులో పోయేవాని ప్రక్క సీటులో విన్నపమే వచ్చి కూర్చుంటుంది. కనుక అది త్యాగం అనుటకంటె పనిముట్టు అనుట యుక్తం. పనిముట్టును పూజించి, దానితో చేసిన పనిని మరచుట మన జాతికి పాత అలవాటు.

ఇక ఆ పని ఏమిటో చూతము. ఏజెన్సీ భూముల చట్టానికి మన హైదరాబాదు రాజ్యంతో కూడ సంబంధం కలదు. 1940లో కొమురం భీము మరణానంతరం గిరిజనుల భూముల గూర్చి నిజాం ప్రభుత్వంలో ఆలోచన మొదలై, 1359 ఫసలీలో, అనగా 1949లో, గిరిజన ప్రాంతాల రెగ్యులేషను వచ్చినది. ఆంధ్ర ప్రాంతంలో 1959లో వచ్చిన భూ బదలాయింపు రెగ్యులేషనును 1963లో తెలంగాణకు వర్తింపజేసినారు. శ్రీకాకుళం గిరిజనుల తిరుగుబాటు తరువాత 1970లో దానిని మరింత బిగించినారు. దానినే మా ప్రాంతంలో పండితుడు మొదలు పామరుడు వరకు ‘వన్ ఆఫ్ సెవెంటీ’ అంటారు. ఏజెన్సీలో భూమిని గిరిజనేతరుడు కొనరాదు; ఒక గిరిజనేతరుడు మరొక గిరిజనేతరునికి కూడ అమ్మరాదు; గిరిజనేతరుని స్వాధీనంలో ఉన్న భూమి గిరిజనుని నుండి వచ్చినదేనని, వేరని ఋజువు చేసేవరకు చట్టం భావిస్తుంది. 1988లో సుప్రీంకోర్టు ఈ చట్టాన్ని సమర్థించినది.

కాగితం మీద ఇంతకంటె పదునైన చట్టం లేదు. కాని చట్టం కాగితం మీద నుండి చేను గట్టు మీదికి రావలెనంటే చాలా దూరం నడవవలెను. భూమి పోయిన గిరిజనుడు ప్రత్యేక ఉప కలెక్టరు ఎదుట కేసు వేయవలెను. తీర్పు అనుకూలంగా వచ్చినా ఎదుటివాడు ఏజెంటు వద్దకు అప్పీలుకు పోతాడు. అక్కడ ఓడితే ప్రభుత్వానికి రివిజను, ఆపైన హైకోర్టు. ఒక్కొక్క మెట్టుకు ఏండ్లు. చదువురాని కోయ రైతు బస్సు ఛార్జీకే అప్పు చేయవలసిన స్థితిలో ఇన్ని మెట్లు ఎక్కగలడా? అక్కడ ఒక శాసనసభ్యుడు పక్షం వహించినచో కేసు కాగితం బల్లకింద పడిపోదు. సంఘం వెంట ఉన్నచో తీర్పు అమలయ్యే రోజున రైతు చేనులో ఒంటరిగా నిలబడవలసిన పని లేదు. ఆదివాసీ భూములు, పోడు భూములు, తునికాకు రేట్లు ఆ ప్రాంతపు వామపక్ష ఉద్యమాలకు ప్రాణమైనవి. నర్సయ్యగారు ఆ ఉద్యమాలకు శాసనసభలో గొంతుకైనారు.

తునికాకు సంగతి పట్టణ విద్యార్థులకు తెలియకపోవచ్చును. ఎండలు ముదిరే రోజులలో ఇంటిల్లిపాదీ తెల్లవారక ముందే అడవికి పోయి ఆకు తెంపుతారు. ఇంటికి తెచ్చి యాభై ఆకులకు ఒక కట్ట చొప్పున నారతో కట్టి కల్లానికి మోస్తారు. కల్లేదారు లెక్క చూచి వ్రాసుకొంటాడు. ఆ కొద్ది వారాల కూలి మీద ఏడాది ఉప్పు, బట్ట, విత్తనం నడుస్తాయి. 1971 చట్టంతో ఆకు వ్యాపారం ప్రభుత్వం చేతిలోకి వచ్చినా, కట్టకు ఎంత ఇవ్వవలెనన్నది ఏటేటా పోరాడి తేల్చుకొనవలసినదే అయినది. ఆ ఆకే నిజామాబాదు, కరీంనగరు ఇండ్లలో బీడీలై మన అక్కచెల్లెండ్ల వ్రేళ్లను అరగదీస్తుంది. కట్టకు కొన్ని పైసలు పెరుగుట అసెంబ్లీ వార్తలలో చిన్న అక్షరాలకు కూడ నోచుకొనదు. మా ఊరిలో మాత్రం అది మా నాన్నగారి దుకాణంలో తెలిసిపోయేది. రేటు పెరిగిన ఏడు పిల్లలకు రెండేసి చొక్కాలు కుట్టించేవారు. పెరగని ఏడు పాతవాటికి అతుకులు వేయించేవారు.

ఒకనాడు ఆకు డబ్బుతో బట్ట కొని తెచ్చిన ఒక కోయ ముసలమ్మను మా నాన్నగారు వేళాకోళంగా అడుగుట మాకు గుర్తున్నది: “అవ్వా, ఇన్నిసార్లు ఓట్లేసి గెలిపిస్తిరి గదా, మీ ఎమ్మెల్యే మీకేమిచ్చిండు?” ఆమె కొంగుముడి విప్పుతూనే జవాబిచ్చినది: “ఇచ్చుడేంది సాయబూ? ఇచ్చేటందుకు ఆయనేమన్న దొరా? మేం ఆఫీసుకు పోయిన్నాడు మాతోటి వచ్చిండు.”

మేము తరువాత విశ్వవిద్యాలయంలో ప్రజాస్వామ్యాన్ని గూర్చి ఎన్నో నిర్వచనాలు చదివినాము. ఆ ముసలమ్మ మాటలోని స్పష్టత మాకు వేరొకచోట కనబడలేదు. ఇచ్చేవాడు దొర; వెంట వచ్చేవాడు ప్రతినిధి. నేడు శాసనసభ్యుడు ఇచ్చేవాడుగా మారినాడు. పెండ్లికి కానుక, చావుకు ఖర్చు, పండుగకు చీర, గుడికి సున్నం, మసీదుకు తివాచీ. ఇచ్చేవాడు ఎక్కడనుండియో తేవలెను గనుక తెచ్చే మార్గాన్ని మనం అడగము. పుచ్చుకొన్నవాడు ప్రశ్నించలేడు గనుక ఆయనా మనను లెక్కచేయడు. ఇది రెండు చేతుల మీద జరిగే పాపం.

ఒంటరి సభ్యుడు సభలో ఏమి చేయగలడని కొందరు అడుగుతారు. ఉమ్మడి రాష్ట్ర శాసనసభలో 294 మంది ఎన్నికైన సభ్యులు. పెద్ద పార్టీలకు వారి బలాన్ని బట్టి సమయం దక్కుతుంది. ఒక్కనికి దక్కేది నిమిషాలు. ఓటింగులో ఆయన చేయి లేచినా లేవకున్నా ఫలితం మారదు. నిజమే. కాని శాసనసభ పని ఓటింగుతో ముగియదు. సభ్యుడు ఒక ప్రశ్న వేసినాడనుకొందాము: ఫలానా మండలంలో గిరిజనులకు అనుకూలంగా తీర్పు వచ్చిన కేసులెన్ని, భూమి అప్పగించినవి ఎన్ని అని. మంత్రిగారు సభలో సమాధానం చెప్పవలెను గనుక సచివాలయం కలెక్టరును అడుగుతుంది. కలెక్టరు తహసీలుదారును అడుగుతాడు. తహసీలుదారు బీరువా తెరిచి దుమ్ము దులుపుతాడు. ప్రశ్న వేసిన మనిషి హైదరాబాదులో ఒక నిమిషమే నిలబడినాడు. కాని ఆ నిమిషం కొరకు ఇల్లందు తాలూకాలో కదలని కాగితం కదిలినది. చెప్పిన జవాబు అచ్చులో నిలిచిపోతుంది. రేపు అదే అధికారి వేరొకటి చెప్పలేడు. నుమాయిందా అనగా చూపించువాడన్న అర్థం ఇక్కడ సార్థకమగుచున్నది.

ఇప్పుడు మా ఇంటి లెక్కకు వస్తాము. మా తాతగారు కట్టిన ఇల్లు, దానికి ముందున్న దుకాణం ఏజెన్సీ భూమిలో ఉన్నవి. మేము గిరిజనేతరులము. కాబట్టి ఆ నేలకు రిజిస్టరు పత్రం లేదు, అమ్ముటకు వీలులేదు, కుదువ పెట్టుటకూ వీలులేదు. 2011లో మాకు కాకతీయ విశ్వవిద్యాలయంలో ఎం.ఏ. తెలుగులో సీటు దొరికినప్పుడు మా నాన్నగారు ఇంటిని చూపి అప్పు తేవలెనని పట్టణంలోని ఒక బ్యాంకుకు వెళ్లినారు. అక్కడి అధికారి మర్యాదగానే మాట్లాడి, ఊరి పేరు వినగానే కాగితాలు తిరిగి చేతికిచ్చినాడు. చివరకు మా అమ్మగారి గాజులు అమ్మి మా హాస్టలు రుసుము కట్టినారు. ఏ చట్టాన్ని పరిరక్షించవలెనని మా శాసనసభ్యుడు జీవితమంతా పోరాడినాడో ఆ చట్టమే మా తల్లి చేతులను బోసి చేసినదన్నమాట.

మావంటి కుటుంబాలు ఆ ప్రాంతంలో ఎన్నో ఉన్నవి. వారిలో అందరూ దోపిడీదారులు కారు. కూలి చేసి బ్రతికేవారే అధికం. ఈ చట్టం సడలించవలెనన్న కోరిక ఎన్నికల వేళ వారి నోట వినబడుతూ ఉండేది. సడలిస్తామని చెవిలో చెప్పి ఓట్లడిగేవారూ లేకపోలేదు. ఆ వయస్సులో మాకూ ఆ కోరిక న్యాయంగానే తోచి, గాజులు అమ్మివచ్చిన సాయంత్రం మా నాన్నగారితో ఆ మాటే అన్నాము. వారు కత్తెర ప్రక్కన పెట్టి చెప్పిన మాట ఇది: “బేటా, ఈ చట్టం మనకు అడ్డమే. కాదనను. కాని ఇదే లేకుంటే ఈ ఊళ్లో కోయవాళ్ల భూమి ఎప్పుడో చేతులు మారేది. వాళ్లు ఏ పట్టణానికో కూలికి పోయేవాళ్లు. అప్పుడు నేనెవరికి చొక్కాలు కుట్టేది? మనకు అడ్డమొచ్చిందని గోడ కూల్చుకుంటే పైకప్పు మన మీదనే గదా పడేది!”

మా నాన్నగారు బడికి పోయినది నాలుగేండ్లే. ఏ పార్టీ జెండా పట్టినవారు కారు. అన్ని పార్టీల జెండాలూ కుట్టినవారు. ఓటు ఎవరికి వేసేవారో ఇంటిలో కూడ చెప్పేవారు కారు. అయినను ఒక సత్యాన్ని వారు గ్రహించినారు. బలహీనుని కాపాడే చట్టం మధ్యరకం వానికి ఒక్కొక్కప్పుడు ఇబ్బంది కలిగిస్తుంది. ఆ ఇబ్బందికి వేరే ఉపాయం వెదకవలెను గాని, చట్టాన్నే తీసివేయవలెనన్నచో ముందుగా పోయేది బలహీనుడు. తరువాత పోయేది మనమే. మనవంటి అల్పసంఖ్యాక వర్గాలవారు ఈ మాటను మరింత జాగ్రత్తగా వినవలసి ఉన్నది. మనకూ రాజ్యాంగం కొన్ని రక్షణలిచ్చినది. మనం చదువుతున్న ఈ కళాశాలయే అట్టి రక్షణ ఫలం. మన రక్షణ మనకు హక్కు, ఎదుటివాని రక్షణ మనకు అడ్డు అనే తర్కం ఎక్కువకాలం నిలువదు.

లెక్క పూర్తి కావలెనంటే రెండవ ప్రక్క కూడ వ్రాయవలెను. నర్సయ్యగారి పార్టీ వెలువడిన సంప్రదాయంలో సాయుధ పోరాటమనే సిద్ధాంతం ఉన్నది. దానితో మాకు ఏకీభావం లేదు. ఆ అడవులలో తుపాకుల మధ్య నలిగినవారిలో అమాయకులు కూడ ఉన్నారు. ఆ శ్రేణులు పదేపదే చీలిపోయినందున వారిని నమ్ముకొన్న పేదలే నష్టపోయినారు. ఒంటరి సభ్యుడు అడ్డుకొనగలిగినంతగా నిర్మించలేడన్న విమర్శలోనూ కొంత సత్యం లేకపోలేదు. పోడు భూములకు హక్కు కల్పించిన అటవీ హక్కుల చట్టం 2006లో పార్లమెంటు చేసినది. దాని వెనుక దేశమంతటి ఆదివాసుల ఉద్యమం ఉన్నది. 2005 డిసెంబరు 13 నాటికి సాగులో ఉన్న అడవి భూమికి, నాలుగు హెక్టార్లు మించకుండా, హక్కు పత్రం ఇవ్వవలెనని ఆ చట్టం చెప్పినది. తెలంగాణలో 2023 జూన్‌లో కూడ పోడు పట్టాలు పంచినారంటే పని ఎంత మెల్లగా సాగినదో తెలియుచున్నది. అది ఏ ఒక్కరి విజయమూ కాదు. కాని దేశవ్యాప్తమైన కోరిక ఏదైనను మొదట ఎక్కడో ఒక మూల తాలూకాలో ఎవరో ఒకరు అదే పనిగా అడుగుటతోనే పుడుతుంది.

మరి 2009లో వారు ఎందుకు ఓడినారు? అప్పటికి నియోజకవర్గాల హద్దులు మారినవి. నాలుగు ప్రతిపక్షాలు ఒక కూటమి కట్టినవి. వీటికి తోడు మరొక మార్పు కూడ మేము కళ్లార చూచినాము. అది మాకు ఓటుహక్కు వచ్చిన తరువాత జరిగిన మొదటి ఎన్నిక. అప్పటికి మా ఊరి యువకుల కోరిక భూమి కాదు. పట్టణం, ఉద్యోగం, మోటారు సైకిలు. పోరాడి నిలుపుకొన్న భూమి మీద పుట్టిన బిడ్డకు ఆ పోరాటం కథగానైనా తెలియలేదు. గెలిచిన ఉద్యమాలకు వచ్చే కష్టమే ఇది. ఆకలి తీరినవానికి అన్నం పెట్టిన చేయి జ్ఞాపకముండుట కష్టం. ఇక వెంట నడిచిన కాలు ఎవరికి జ్ఞాపకముంటుంది? నియోజకవర్గం నేడు మూడు జిల్లాలలో విస్తరించి ఉన్నది; సైకిలు తొక్కినవారి పేరును అక్కడ ఇప్పటికీ అందరూ గౌరవంగానే చెప్పుకొంటారు. గౌరవం ఒకరికి, ఓటు మరొకరికి అన్నది ఇల్లందులోనే పుట్టిన రీతి కాదు. మన దేశమంతటా ఉన్నదే.

మా విద్యార్థి ప్రశ్నకు ఆనాడు తరగతిలో మేము చెప్పిన సమాధానం ఇదే. నాయనా, ఐదుసార్లు శాసనసభ్యుడై వారు సంపాదించినది సైకిలు కాదు. తహసీలుదారు ఆఫీసు మెట్లెక్కుటకు భయపడే ఒక జాతి, ఆ మెట్లను భయం లేకుండ ఎక్కుట నేర్చుకొన్నది. ‘ఇచ్చుడేంది’ అని ఎదురు ప్రశ్న వేయగల ఒక ముసలమ్మ తయారైనది. ఇది ఏ బ్యాంకులోను దాచుకొనుటకు వీలుకాని సంపాదన. ఎన్నికలలో ఓడిననూ జప్తుకాని సంపాదన.

ప్రియ విద్యార్థులారా, మీలో చాలామందికి ఓటుహక్కు వచ్చినది. తక్కినవారికి త్వరలో రానున్నది. మీ వీధికి ఓట్లడుగ వచ్చిన పెద్దమనిషిని ఏమిస్తారని అడుగవద్దు. గడచిన సభలో ఏయే ప్రశ్నలు వేసినారని అడుగుడు. శాసనసభ చర్చలు అచ్చవుతాయి. గ్రంథాలయానికి పోయి చూడవచ్చును. మీ బస్తీ పేరు అందులో ఎన్నిసార్లు వచ్చినదో లెక్కించుడు. మీ ప్రక్క బస్తీలోని బలహీనుని పేరు వచ్చినదో లేదో అంతకంటె ముందు చూడుడు. ఆ లెక్క తేలిన తరువాత, ఆయన కారులో వచ్చినాడా, సైకిలు మీద వచ్చినాడా అన్నది తీరికగా చూచుకొన్నా నష్టం లేదు.